కదపొద్దు మామయ్య

మామయ్యకు ఉన్నది ఒకటే జబ్బు. ఇంట్లో ఏ వస్తువునీ కదపనివ్వడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ కదా, పొద్దస్తమానం జనాన్ని పైకీ కిందికీ కదిపి కదిపి విసుగెత్తి ఇలా తయారయ్యాడని అత్తయ్య అనేది. అసలు కారణం ఆయన పెంచే హోయాలు. దళసరి ఆకులతో పాకే ఆ తీగలు మొగ్గ తొడిగాక జానెడు జరిపినా అలిగి మొగ్గలన్నీ రాల్చేస్తాయి. అందుకే మేనకోడలు ఆయనకు ‘కదపొద్దు మామయ్య’ అని పేరు పెట్టింది.

ఓసారి ఒక తీగ బీరువా పిడికి చుట్టుకుని మొగ్గ తొడిగింది. మైనపు నక్షత్రాల్లాంటి ఆ పూలగుత్తి విచ్చి రాలేదాకా అత్తయ్య పక్కింటావిడ బట్టలు అరువు తెచ్చుకుంది. పక్కింటావిడ ఆమెకు రెండింతలు. మరో తీగ గోడగడియారం లోలకాన్ని పట్టుకుంటే ఆ వేసవంతా ఇంట్లో మూడుంబావే.

పూలు రాలాక మిగిలే కాడ చూడ్డానికి ఎండుపుల్లే. చుట్టపుచూపుగా వచ్చిన తోడల్లుడు శుభ్రం చేద్దామని దాన్ని తుంచాడు. హోయా మళ్లీ పూసేది ఆ కాడకే. మామయ్య ఆ పూట భోజనం ముట్టలేదు, తోడల్లుడు మళ్లీ ఆ గడప తొక్కలేదు.

అలాంటి ఇంటికి ఒక సాయంత్రం మేనకోడలు సంచితో దిగింది. ఆమె పనిచేసే పళ్ల డాక్టరు క్లినిక్ మూసేశాడు. పనితోపాటు గదీ పోయింది. ఇంటికెళ్తే, ‘నేను ముందే చెప్పాను’ అనే నాన్న మళ్లీ గుమ్మం దాటి బయటికి పోనివ్వడు. అలాగని ఇక్కడ బరువవడం కూడా ఆమెకు ఇష్టం లేదు. రెండు రోజులుండి, మూడోనాడు పొద్దున సంచి అందుకోబోయింది. దాని పిడికి ఒక తీగ చుట్టుకుని ఉంది.

“కదపొద్దు. మొగ్గ తొడిగింది” అన్నాడు మామయ్య గుమ్మంలోంచి.

తీగ చివర పచ్చగా ఏదో బొడిపె కనిపించింది. అది మొగ్గో కాదో ఆమెకేం తెలుసు?

“ఎన్నాళ్లు పడుతుంది మామయ్యా?”

“అది దాని ఇష్టం. మనం అడక్కూడదు.”

సంచి కదలదు కనుక ఆమె కూడా కదల్లేదు. రోజూ పనికోసం తిరిగొచ్చి నడవలో తనకోసం వేసిన మడతమంచం ఎక్కేది. నాన్న ఫోన్ చేస్తే మామయ్యే అందుకుని, మొగ్గ మీదుంది బావా, ఇప్పుడు కదపకూడదు అనేవాడు. మొక్క సంగతో కూతురి సంగతో తేలక ఆయన పెట్టేసేవాడు.

వానలు మొదలయ్యాక కళ్లద్దాల దుకాణంలో పని దొరికింది, దగ్గర్లోనే గదీ దొరికింది. గుండెల మీంచి బండ దించినట్టయి ఆమె మంచమ్మీద కూలబడి కాసేపు ఊరికే నవ్వుకుంది. తర్వాత సంచి దగ్గర కూర్చుని భయం భయంగా తీగ విప్పబోతే, వేళ్లకు పచ్చదారం తగిలింది. మూడు ముళ్లు వేసి ఉంది.

వంటింట్లోకి వెళ్లి అడిగింది.

“అది నిరుడు నాటిన కొమ్మ. ఇంకో రెండేళ్లకు గానీ మొగ్గ రాదు” అంది అత్తయ్య. “నువ్వు స్నానానికెళ్తే ఈయన కట్టాడు. దారం కనబడేలా కట్టి చచ్చాడని నేనే విప్పి మళ్లీ కట్టాను.”

ఆమె వెళ్లి మూడు ముళ్లూ విప్పింది. సంచి తగిలించుకుని మామయ్య ముందు నిలబడింది.

“మరి మొగ్గేది మామయ్యా?”

“రాలిపోయింది. నువ్వు కదిపావుగా” అన్నాడు ఆయన, కళ్లార్పకుండా.

వెళ్లే ముందు దారికడ్డంగా ఉన్న మంచాన్ని మడిచి గోడకు చేర్చబోయింది.

“కదపొద్దు” అన్నాడు మామయ్య. “పూసిన కాడని ఈ ఇంట్లో తుంచం.”

మంచం ఇప్పటికీ నడవలో అడ్డంగానే ఉంది. అత్తయ్య రోజూ దానికి కాలు కొట్టుకుంటుంది, రోజూ ఆయన్ని తిడుతుంది. దుప్పటి మాత్రం శనివారం శనివారం మారుస్తుంది. ఆదివారం మేనకోడలికి సెలవు.