పిన్ని వెతికిన చుక్క

మొన్న పేపర్లో చదివాను. ఎక్కడో కొండమీది కొత్త టెలిస్కోపు ఆకాశమంతా తనంతట తానే జల్లెడ పట్టి, దూరపు గెలాక్సీలో పేలిన నక్షత్రాన్ని పట్టేసిందట. పేపరు మడిచి పక్కన పెట్టాను గాని, మా పిన్ని మొహం మాత్రం కళ్ళ ముందు నుంచి పోలేదు.

ఉమ్మడి రాష్ట్రం రోజులవి. పెళ్ళి మాట ఎత్తనివ్వని పిన్ని, తాతయ్యతో పాటు మల్కాజ్‌గిరిలో మా ఇంట్లోనే ఉండేది. ఊరికి దూరంగా గుట్టమీదున్న అబ్జర్వేటరీలో ఉద్యోగం. లోకమంతా ఆఫీసులకు బయల్దేరే వేళకు జీపు దిగి ఇంటికొచ్చి, ఇడ్లీ తింటూ తింటూనే కునుకు తీసేది. "దీనికి పొద్దు తలకిందులైంది" అని తాతయ్య నవ్వేవాడు. ఆయన రైల్వే గార్డుగా చేసి రిటైరైన మనిషి. మౌలాలి క్వార్టర్స్‌లో ఉన్న కాలంలో ఆయనా అలాగే ఎర్రబడ్డ కళ్ళతో ఇల్లు చేరేవాడు కాబట్టి, ఆమె కష్టం ఇంట్లో ఆయనొక్కడికే తెలుసు. పని వినడానికి సులువే: గెలాక్సీల పాత ఫొటోల పక్కన కొత్తవి పెట్టి, పాతవాటిలో లేని చుక్క, అంటే పేలిన నక్షత్రం, ఏదైనా కొత్తగా పుట్టిందేమో చూడటం. ఏళ్ళ తరబడి ఏదీ పుట్టలేదు.

ఒక చలికాలం ఉదయం మాత్రం ఆమె నిద్ర మానేసి తాతయ్య ముందు కూర్చుంది. "నాన్నా, చుక్క కనబడింది! ఇవాళ రాత్రి కూడా ఉందంటే లోకానికి చెప్పొచ్చు." ఆ మధ్యాహ్నమే తాతయ్య భోజనం ముందు ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. అబ్జర్వేటరీలో పిన్నికి తోడు పనిచేసే ఆయన సెలవులో ఉండటంతో, సాయంత్రం జీపు డ్రైవర్ ఆసుపత్రికే వచ్చాడు.

"మేడమ్, ఇయ్యాల మబ్బు సుత లేదు. జెర పోయి చూసొద్దాం. పొద్దుగాల్ల ఈడనే దించుతా."

తాతయ్య ఎడమ చేత్తో ఆమెను తలుపు వైపు తోశాడు. పిన్ని ఆ చేతినే పట్టుకుని మంచం పక్కన కూలబడింది. "నేను రాలేను అన్నా, నువ్వెళ్ళు."

తెల్లవారేసరికి తాతయ్య పోయాడు. సమాధి దగ్గర ప్రార్థన ముగించి ఇంటికొచ్చేసరికి, వేరే దేశంవాళ్ళు ఆ చుక్కను ప్రకటించారని ఫోను. "పోన్లే, నేను చూసింది నిజమే" అంది, అంతే.

తర్వాత నెలల తరబడి, అందరూ మరిచిపోయిన ఆ చుక్క మసకబారి మాయమయ్యేదాకా కొలుస్తూనే ఉంది. ఆ కొలతలు ఎక్కడో అచ్చయ్యాయి. వాటి గురించి ఆమెను అడిగే మనిషే ఇంట్లో లేడు.

ఆ వెలుగు మన దాకా రావడానికి కోట్ల ఏళ్ళు పట్టిందట. అన్నేళ్ళు దారిలో ఉన్నది ఇంకొక్క వారం ఆలస్యంగా వస్తే కాలానికేం పోయేదో, నాకిప్పటికీ తెలియదు.