గ్రీకు ఓటు, నల్ల పెంకు

మా సోషల్ టీచర్ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను నల్లగొండలో, పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో ఉన్నాను. నిద్రలోనే గుండె ఆగిందట. అబద్ధమెందుకు, ఏడుపు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది భయమే. ఒకప్పుడు ఆమె నా కోసం ఒక అబద్ధం ఆడింది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. నేను నోరు విప్పకపోతే ఆ అబద్ధం ఆమె పేరు మీద అట్లాగే ఉండిపోతుంది. విప్పితే మా అమ్మకు కూలిపని పోతుంది.

మాది మర్రిగూడ పక్క ఊరు. బడి ముందున్న బోరింగుకు ఎర్ర రంగు వేసి ఉండేది, ఫ్లోరైడు నీళ్లు తాగొద్దని. నా పండ్ల మీద గార మచ్చలున్నాయి, ఇప్పటికీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతాను. తెలంగాణ వచ్చిన కొత్తలో, ఇంటింటికీ నల్లా నీళ్లు రాకముందు, నేను ఏడో తరగతి చదివాను. టీచర్ రోజూ షేర్ ఆటోలో వచ్చేది. వట్టి పిరికి మనిషి. కుక్కంటే భయం, ఉరుమంటే భయం. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే అరచేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడేది.

గ్రీకుల మాట ఎత్తితే మాత్రం ఆ పిరికితనం ఎటో పోయేది. ప్రపంచ పటం మీద ఏథెన్స్ వెనక బెంచీకి కనపడదని, తన నుదుటి బొట్టుబిళ్ల తీసి అక్కడ అతికించింది. ఆ రోజంతా బోసి నుదుటితోనే పాఠాలు చెప్పింది.

"గ్రీకులు మన చుట్టాలు గాదు పిల్లలూ, గని మన ఇంట్ల తిరుగుతనే ఉన్నరు," అనేది. "జామెట్రీ డబ్బా తెరువుండ్రి, ఆ కోణాల లెక్కల ఆళ్లున్నరు. మీ అన్న పరుగు పందెం ఉరుకుతడు, ఒలింపిక్స్ ఆళ్లవే. డాక్టర్లు పట్టా తీసుకునే రోజు రోగికి ఎన్నడూ కీడు చెయ్యం అని ఒట్టు వెడతరు, అదీ ఆళ్ల కాడికెల్లే వచ్చింది. మనం భాగోతం జూసినట్టే ఆళ్లు గుట్ట వాలుకు కూసోని నాటకం జూసేటోళ్లు."

"మరి అంతమందికి నీళ్లెవలు మోసిండ్రు టీచర్?" అని అడిగాను ఒకసారి. నాకు ఎప్పుడూ నీళ్ల యావే.

టీచర్ సుద్దముక్క పక్కన పెట్టింది. "బానిసలు మోసిండ్రు బిడ్డా. ఆళ్లకు ఓటు లేకుండె. ఆడోళ్లకు గూడ లేకుండె. నువ్వూ నేనూ ఆడుంటే సభ బయటనే," అంది. మంచిని చెప్పి చెడ్డను దాచడం ఆమెకు రాదు.

నీళ్ల యావ ఊరికే రాలేదు. ఊళ్లో పటేలుకు ఫిల్టర్ నీళ్ల ప్లాంటు ఉండేది. బడికి రోజూ రెండు క్యాన్లు పంపేవాడు, కాదనను. ఆయన కొడుకే మా క్లాస్ లీడర్, క్యాను దగ్గర గ్లాసు వాడి చేతిలోనే ఉండేది. మా వాడ పిల్లలకు ఆఖరున పోసేవాడు. మా వంతు వచ్చేసరికి అడుగున గుక్కెడు ఉంటే ఉన్నట్టు, లేకపోతే ఎర్ర బోరింగే దిక్కు. అడగాలంటే భయం. మా అమ్మ పటేలు చేలోనే పత్తి ఏరేది, ఇప్పటికీ ఏరుతోంది.

టీచర్ అది చూసింది. చూసి, తిట్టలేదు. ఏథెన్స్‌లో ఎవడైనా మరీ పెద్దవాడై పోతున్నాడనిపిస్తే, జనం వాడి పేరు కుండపెంకు మీద గీకేవాళ్లనీ, ఎక్కువమంది గీకితే వాడు పదేళ్లు ఊరు విడిచి పోవాలనీ చెప్పింది. "మనం పదేండ్లు వద్దు, పది దినాలు. ఊరు గాదు, క్యాను కాడికెల్లి దూరం జరగాలె. అందరూ రేపు తలా ఒక పెంకు తేండ్రి. ఎవలు రాసిండ్రో ఎవలికీ ఎర్క గాదు," అంది.

అక్కడే పొరపాటు జరిగింది. పాపం ఆమెకు పెంకులన్నీ ఒకటే అనిపించాయి. మిగతా పిల్లల ఇళ్లలో అన్నీ స్టీలు గిన్నెలే, వాళ్లు దారి పక్కన దొరికిన నీళ్లకుండల ఎర్ర పెంకులు తెచ్చారు. మా అవ్వ ఇంకా కట్టెల పొయ్యి మీద మట్టికుండలోనే జొన్న గటక వండేది. నేను తెచ్చింది మసిబారిన పొయ్యికుండ పెంకు. ఇంటి నుంచి కాగితంలో చుట్టి తెచ్చాను, టీచర్ పట్టుకున్న ఓట్ల సంచిలో వేసేటప్పుడూ ఎవరూ చూడలేదు. టీచర్ వాటిని బల్ల మీద గుమ్మరించగానే నా ప్రాణం పోయినంత పనైంది. అన్నీ ఎర్రవి, నాదొక్కటే నల్లది. దాని మీద ఇనుప మొలతో గీకిన లీడర్ పేరు తెల్లగా, దూరానికే కనపడుతోంది. టీచర్ దాన్ని చూసింది, నన్ను చూసింది. ఒకసారి మా ఇంటికొచ్చి అవ్వ చేతి గటక తిని పోయిన మనిషి ఆమె.

లీడర్ ఓడిపోయాడు. ఆ మధ్యాహ్నం మొదటిసారి కడుపునిండా మంచినీళ్లు తాగాను, తాగుతున్నంతసేపూ బల్ల మీది నల్ల పెంకునే చూశాను.

మర్నాడు పటేలు బండి మీద వచ్చాడు. తరగతిలోకి చెప్పులతోనే వచ్చి బల్ల మీది పెంకులు కెలికాడు.

"నా నీళ్లు దాగి నా కొడుకునే ఎల్లగొడతరా? ఎర్రయి ఎవలయైతే ఏంది గని, గీ నల్లది ఎవలిది?"

ఆ అరుపుకే బెదిరి నా పక్కపిల్ల నా చెయ్యి పట్టుకుంది. లేచి చెప్పాలి. అమ్మ గుర్తొచ్చింది, తెల్లారితే ఆమె పోవాల్సిన పటేలు చేను గుర్తొచ్చింది. లేవలేదు.

టీచర్ అరచేతులు కొంగుకు తుడుచుకుంది. "నాదే పటేల్ గారూ. నేనే రాసిన," అంది. 

"పంతులమ్మవై పసిపోరని మీద రాస్తివా? సిగ్గు లేదా?" అని ఊరంతా వినపడేలా అరిచి పోయాడు. క్యాన్లు ఆపేశాడు. మిగిలిన నెలలు టీచర్ ఆటోలో తన ఇంటి నుంచే క్యాను తెచ్చేది. ఆ ఎండాకాలం ఆమెకు హాలియా వైపు బదిలీ అయింది. మామూలు బదిలీయే అన్నారు. నేను మాత్రం నమ్మలేదు. పోయే రోజు నా దగ్గరికి వచ్చి, "ఫికర్ జెయ్యకు. నేను గూడ మస్తు భయపడ్డ. భయం లేదనేటోని మాట నమ్మకు," అంది. నేను దండం కూడా పెట్టలేదు, తలొంచుకుని నిలబడ్డాను. ఇప్పటికీ ఆ తలవంపు నన్ను వదల్లేదు.

మొన్న ఆదివారం పాత విద్యార్థులు మా బళ్లోనే సంతాప సభ పెట్టారు. ఊరి పెద్దమనిషని పటేలును ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన లేచి దండం పెట్టి మంచి మాటలతోనే మొదలుపెట్టాడు. తర్వాత నవ్వాడు. "గని మనసుల కుళ్లుండె పాపం. పసిపిల్లగాని మీద పగవట్టి పెంకు రాసింది," అన్నాడు. కొందరు నవ్వారు. దండ వేసిన ఫొటో పక్కనే ఆ నవ్వు.

నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు.

"పటేలా, ఆ పెంకు టీచర్‌ది గాదు. మా ఇంటిది. రాసింది నేను. మాకు నీళ్లు దొరకక రాసిన. టీచర్ నన్ను కాపాడనీకి అబద్ధమాడింది."

నవ్వులు ఆగాయి. పటేలు నా వైపు చూడనే లేదు. తలుపు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లలో మా అమ్మను చూపుతోనే వెతికి పట్టుకున్నాడు. అమ్మ చేలో నుంచి నేరుగా వచ్చింది, చీర కుచ్చిళ్లకు పత్తి పోగులు అంటుకునే ఉన్నాయి.

"ఏందే, నీ బిడ్డేనా?"

పటేలు ముందు మా అమ్మ ఏనాడూ కూర్చోలేదు. చేలో ఆయన వస్తే వంగిన నడుమును ఎత్తి, తలొంచి నిలబడేది.

"నా బిడ్డనే," అంది అమ్మ.

అందరి మధ్య నుంచి నడిచి వచ్చి, నా పక్కన బెంచీ మీద ఖాళీ ఉంటే కూర్చుంది. నా చెయ్యి పట్టి నన్నూ కూర్చోబెట్టింది. పత్తికాయలు గీరుకుపోయిన ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది. ఎదురుగా పటేలు ఇంకా నిలబడే ఉన్నాడు.