నల్ల కందిరీగలూ నా కొబ్బరిచెట్టూ

పురుగుల సంగతి నన్ను అడగండి. పుస్తకాలు చదివి చెప్పేది కాదు, మా ఉద్దానం పెరట్లో మోకాళ్ల మీద కూచుని నేర్చుకున్నది. గుమ్మం పక్కన మట్టిగూడు కట్టే సన్ననడుము కందిరీగ ఎవరి జోలికీ రాదని, బీరపందిరి కింద గూడు పెట్టిన ఎర్ర కందిరీగ మాత్రం మన నీడ పడినా ఊరుకోదని నాకు పదేళ్లకే తెలుసు. తెలియనిది ఒక్కటే. గత్తం కుప్ప మీద, అంటే పేడ ఎరువు మీద తిరిగే పెద్ద నల్ల కందిరీగకు అక్కడేం పనో తెలియదు.

పలాసలో రైలు ఆగడం ఇంకా వింతగా చెప్పుకునే రోజులవి. మా ఇంట్లో బిడ్డ పుడితే, బొడ్డు పాతిన చోట కొబ్బరిమొక్క నాటేవారు. ఆ చెట్టు ఎలా ఉంటే బిడ్డ అలా ఉంటుందని నమ్మకం. నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. వాళ్లకు మొక్క నాటే వ్యవధి కూడా దొరకలేదు. అందుకని నా చెట్టంటే అమ్మకు ప్రాణం. పశువుల శాలలో ఎత్తిన పేడంతా గోతిలో వేయకుండా, తట్టలకొద్దీ తెచ్చి నా చెట్టు మొదట్లోనే పోసేది. "బలమంతా దీనికే ఎల్లాల," అనేది. ఏళ్లు గడిచేసరికి ఆ గత్తం నా నడుమెత్తు కుప్పయింది.

ఎండెక్కగానే దాని మీదికి నల్ల కందిరీగలు వచ్చేవి. రెక్కలు నీలంగా మెరిసేవి. జానెడెత్తున తిరిగి తిరిగి, ఒకచోట వాలి, పేడ తవ్వుకుంటూ లోపలికి దిగిపోయేవి. అవి నా చెట్టు వేళ్లు కొరికేస్తున్నాయని అమ్మ తేల్చేసింది. ఎండు కొబ్బరాకుల కాగడా నేను పట్టుకుంటే, ఈనెల చీపురుతో అమ్మ కొట్టేది. రెండు వానాకాలాలు అదే పని. చివరికి ఒక్కటీ రావడం మానేసింది. ఊళ్లో ఆడపిల్లల్లో నా అంత ధైర్యం ఎవరికీ లేదనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను లెండి.

ఆ మరుసటి ఏడు, నాకు పన్నెండో ఏట, చెట్టు కొత్త ఆకులు కత్తెర పెట్టి కత్తిరించినట్టు విచ్చుకున్నాయి. కొమ్ము పురుగు పడిందన్నమాట. అమ్మ తన తమ్ముణ్ణి పిలిపించింది. కొబ్బరిచెట్లు ఎక్కడమే మా మావ పని. ఆయన ఎక్కి, ఇనుప ఊచతో, చెట్టు నెత్తిన ప్రాణమంతా ఉండే మొవ్వులోంచి నల్లటి పురుగుల్ని గుచ్చి తీశాడు. ఆకుల మొదళ్లలో ఇసుకా ఉప్పూ పోశాడు. వారం తిరక్కుండానే మళ్లీ అవే పురుగులు. అమ్మకు అన్నం సయించడం మానేసింది. రోజుకు నాలుగుసార్లు నా నుదురు పట్టి చూసేది. నేను కంచం నిండా తిని పెరడంతా గంతులేస్తున్నా ఆవిడకు నమ్మకం కుదిరేది కాదు.

"ఇన్ని పురుగులు యెక్కణ్ణుంచి వొత్తన్నాయో మరి," అన్నాడు మావ దిగుతూ.

అది కనిపెట్టగలిగేది నేనేనని నాకు అనుమానం లేదు. పుల్ల తీసుకుని గత్తం కుప్ప తవ్వడం మొదలుపెట్టాను. లోపలంతా బొటనవేలంత తెల్ల పురుగులు, ముడుచుకుని పడుకుని ఉన్నాయి. అవి మాకు కొత్త కాదు. పేడను మెత్తబరుస్తాయని, బయటపడినప్పుడల్లా అమ్మే జాగ్రత్తగా కప్పేది. ఇంకా లోతుకు వెళితే ఒక పేడముద్దలో, ఇంకా గట్టిపడని ఎర్రటి పురుగు దొరికింది. దాని నెత్తిన కొమ్ముంది. అడుగున మరో తెల్ల పురుగు తోలు ఎండిపోయి ఉంది. దానికి అంటుకుని గోధుమరంగు గూడొకటి. గోటితో చీల్చి చూశాను. లోపల నల్ల కందిరీగ, రెక్కలతో సహా.

అన్నీ అరచేతిలో పెట్టుకుని పరిగెత్తాను.

"ఏటే అది? పారియ్యి!" అంది అమ్మ.

"అమ్మా, గత్తంలో తెల్ల పురుగే పెద్దదై మొవ్వు తింతంది! కందిరీగలు ఈటినే తినీసేవి. మనం ఆటిని కాల్సీసేం!"

కనిపెట్టిన సంబరంలో గెంతుతూ చెప్పాను. అమ్మ నా అరచేయి చూసి అక్కడే కూలబడింది.

"అయితే నీ సెట్టుని నానే సంపీసేనా?"

నా సంబరమంతా పోయింది. నా తెలివికి నేను సిగ్గుపడింది ఆ ఒక్కసారే.

ఆ రోజే కుప్పంతా తీసేశాం. తెల్ల పురుగుల్ని ఏరి నిప్పుల్లో వేశాం. కానీ ఆలస్యమైంది. మావ మళ్లీ ఎక్కి నడిమి ఆకు పట్టుకు లాగితే, కుళ్లు కంపుతో చేతిలోకి ఊడి వచ్చింది.

"మొవ్వు పోయిందప్పా," అన్నాడు అక్కతో. "కొట్టి కాల్సకపోతే ఈ మొద్దులోనే పురుగు పెరిగి, తోటంతా తినీత్తాది."

అమ్మ మూడు రోజులు ఒప్పుకోలేదు. నాలుగో రోజు పొద్దున్నే గొడ్డలి తనే తెచ్చింది. మావ చెయ్యి చాపితే ఇవ్వలేదు. కొడితే తనే కొట్టాలంది. మావ చెట్టుకు మోకు కట్టి అవతల పట్టుకున్నాడు. అమ్మ నన్ను తన వెనక, దూరంగా నిలబెట్టింది.

"నాను కొట్టినంతసేపూ మాటాడుతుండు. ఆపకు," అంది.

"ఏటి మాటాడను?"

"ఏదో ఒకటి. నీ పురుగుల గురించి సెప్పు."

చెప్పాను. మట్టిగూటి కందిరీగ గురించి, ఎర్ర చీమలు ఆకులు కలిపి కుట్టడం గురించి, చిక్కుడు మీది పేను గురించి. ఒక్కో దెబ్బ వేసి అమ్మ ఆగేది. నా గొంతు విని, మళ్లీ గొడ్డలి ఎత్తేది. నాకు తెలిసినవి అయిపోయాక కొన్ని కల్పించి కూడా చెప్పాను.

చెట్టు ఒరిగింది. పడిన చప్పుడుకు కాళ్ల కింద నేల అదిరింది. నేను మాట మరిచి చూస్తూ ఉండిపోయాను. అమ్మ చేతిలోంచి గొడ్డలి జారింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం చాలక, పడిన చెట్టు వైపే మొహం పెట్టుకుని అరిచింది.

"మాటాడే! మాటాడే!"

"ఉన్నానమ్మా," అన్నాను. అయినా తిరగలేదు. నేను వెళ్లి రెండు చేతులతో ఆవిడ నడుం చుట్టేసేదాకా తిరగలేదు.