ఫ్లోరైట్ కటకం మీద నా గీత

దానియేలు తాతగారు ప్రభువులో నిద్రించారన్న కబురు నాకు మొదట తెచ్చింది ఎండుచేపలమ్మే పోలమ్మ. అరుగు మీద గంప దించగానే ఉప్పుచేపల వాసన గుప్పుమంది. "మీ అద్దాల తాత ఎల్లిపోనాడమ్మా," అంది. ఆ పూట బేరమాడలేదు. లోపలికి వెళ్ళి మోకరించి, అలాంటి మనిషిని నాకిచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

తొంభైల చివర ఆయన పలాసలో కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే పని మానేసి, సంతబొమ్మాళి దగ్గర మా ఊళ్ళో, మా పక్కింట్లో దిగారు. అప్పుడు నేను చిన్నపిల్లను, బడికి వెళ్ళలేదు. అమ్మ బైబిలు ముందు పెట్టి నేర్పిన అక్షరాలే నా చదువు. ఒక సాయంత్రం ఆయన తాను చేసిన పాత టెలిస్కోపును చంద్రుడి వైపు తిప్పి నన్ను పిలిచారు.

"ఏటి కనబడతంది?"

"సెంద్రుడి సుట్టూ ఊదారంగు అంచు, తాతా."

"ఆ రంగు సెంద్రుడిది కాదమ్మా, మన గాజుది. అన్ని రంగుల్నీ ఒక్కసోటికి తేలేదది. ఇప్పుడు దీన్లో సూడు."

ఆ రెండో టెలిస్కోపు ఓడలో పనిచేసే ఆయన తమ్ముడు జపాను నుంచి తెచ్చిచ్చినది. దాని జంట కటకాల్లో ముందుది గాజు కాదు, ఫ్లోరైట్ అనే స్ఫటికం. అందులో చంద్రుడి అంచు ఏ రంగూ అంటకుండా తెల్లగా ఉంది. పాడైతే మరొకటి దొరికే వస్తువు కాదు. ఎవరినీ ముట్టనివ్వని ఆయన, దానికి మూతపెట్టే పని మాత్రం నాకు అప్పగించారు.

ఒక మధ్యాహ్నం జీడిపిక్కలు వలుస్తున్నాను. చర్మం కాల్చే జీడిరసం అంటకుండా చేతులకు బూడిద రాసుకున్నాను. మధ్యలో లేచి తాతగారింటికి వెళ్ళి, మూత తీసి చూస్తే కటకం మీద ఉప్పుగాలికి పట్టిన పొర. మా ఇళ్ళల్లో లాంతరు గాజు బూడిదతోనే తళతళలాడుతుంది. అలాగే తుడిచాను. పొర పోయి గీతలు తేలాయి. మూత పెట్టేశాను. రెండు రోజులు ప్రార్థనకు కూర్చుంటే మాట రాలేదు. మూడో రోజు వెళ్ళి చెప్పాను.

"బూడిదెట్టి తుడిసేసినాను, తాతా."

ఆయన కటకాన్ని వెలుతురుకెత్తి చాలాసేపు చూశారు. "లాంతరు సిమ్నీ అనుకున్నావేటే? ఇది గాజుకంటే మెత్తన. బూడిదలో ఇసక నలుసులుంటాయి." తరవాత సన్నటి పుల్లను నల్లసిరాలో ముంచి, లోతుగా పడ్డ గీతను ఓపిగ్గా నింపారు. "గీత పోదు. దాని మీద ఎలుగు సెదరకుండా సేత్తన్నాను, అంతే."

నా చేతిలో మెత్తటి గుడ్డ పెట్టారు. "ఇకనుంచి తుడిసే పనీ నీదే. ముందు దుమ్ము పోగొట్టు, ఆ తరవాతే గుడ్డ."

క్షమిస్తారని మాత్రమే ఆశపడ్డాను. ఆ కటకమే మళ్ళీ నా చేతికొస్తుందనుకోలేదు. ఇప్పుడు మా ఇంట నా దగ్గర చదువుకునే పిల్లలు ఏదైనా పాడుచేసి వచ్చి చెబితే, అదే వస్తువును తిరిగి వాళ్ళ చేతికిస్తాను. ఇవ్వడం నాకు కష్టంగానే ఉంటుంది. మీ ముందు ఎవరైనా తప్పు ఒప్పుకుని నిలబడిన రోజున, మీరెన్నడూ చూడని దానియేలు తాతగారిని ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి.