మూతకింద ఎండిన నురుగు

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, పంతొమ్మిదేళ్ళుగా అది హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా పలకలేదు. ఆ పరిశోధనశాలలో సారు దగ్గర్నుంచి కాపలా మనిషి దాకా అందరికీ ఆవిడ చల్లగది అక్క. మొదటి అంతస్తు చివర, మందపాటి తలుపు వెనక, ఏ కాలంలోనైనా నాలుగు డిగ్రీలు దాటకూడని గది ఒకటుంది. దాని తాళంచెవి అక్క మెడలో తాడుకు వేలాడేది. రోజుకు మూడుసార్లు లోపలికి వెళ్ళి, గోడమీది థర్మామీటరు చూసి, అంకె పుస్తకంలో రాయడం ఆవిడ పని. గొట్టాలు వరసలో ఉన్నాయా, మూతలు బిగువుగా ఉన్నాయా అని చూడడం ఎవరూ చెప్పకుండా ఆవిడ తలకెత్తుకున్న పని.

తలుపు తీసేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది.

"అంత చిన్న గదికి కూడా ప్రార్థన ఎందుకక్కా?" అని కాపలా మనిషి ఆట పట్టిస్తే, "లోపలున్నవి కంటికి కనపడనివి తమ్ముడూ. కనపడనివాటిని చూసుకునే పని పైనున్న ఆయనది. నేను తలుపు వేసేదాన్ని మాత్రమే" అనేది.

అక్క చదివింది పదో తరగతి. మిగతాదంతా గొట్టాలు అందిస్తూ, చెవులు అప్పగించి విన్న చదువు. దాన్ని సాయంత్రం ఇంటికి మోసుకెళ్ళి భర్తకు వడ్డించేది. ఆయన బజారు మూల మీద తాళాలు బాగుచేసే మేస్త్రి.

"ఏముంటాయే ఆ చలిలో, అంత దాచుకోవడానికి?" అని ఆయన మొదట్లో ఒకసారి అడిగాడు.

"ప్రోటీన్లండీ."

"గుడ్డులో ఉండేవేగా!"

"గుడ్డులోనూ ఉంటాయి, మీ మీసంలోనూ ఉంటాయి. మీరు సుత్తి ఎత్తే కండలోనూ అవే. నెత్తుట్లో గాలిని మోసుకుపోయేవి కొన్ని, రోగం వస్తే అడ్డం నిలబడేవి కొన్ని, తిన్నదాన్ని ముక్కలు చేసేవి కొన్ని. ఒంట్లో ఏ కణంలో చూసినా పనంతా దాదాపు వాటిదే."

"మీసంలో కూడానా! అందుకే నేను రోజూ దువ్వుతాను."

ఆవిడ నవ్వి, ఆయన బల్లమీద చెల్లాచెదరుగా ఉన్న తాళంచెవుల్లోంచి ఒకటి తీసింది. "ఇరవై రకాల పూసలున్నాయనుకోండి. ఏ పూస తరవాత ఏది రావాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. అలా గుచ్చిన దండ మెలి తిరిగి, మడతలు పడి, ఒక రూపానికి వస్తుంది. ఆ రూపాన్ని బట్టే దాని పని. మడత విడిపోయిందా, ఒక్క పూసా రాలకపోయినా సరే, పని పోయినట్టే."

"పళ్ళు అరిగిన తాళంచెవి."

"అదే. ఇనుము ఉంటుంది, తలుపు తెరుచుకోదు."

ఆయన ఆ చెవిని తన చేతిలోకి తీసుకుని, "చెవి ఒక్కటే కాదే, మంచి తాళమైతే లోపల అదీ కాస్త సర్దుకుంటుంది" అన్నాడు. మర్నాడు అక్క ఆ మాట సారుకు చెబితే, ఆయన కుర్చీలోంచి లేచి మరీ, "మీ ఆయన పెద్ద శాస్త్రమే చెప్పాడమ్మా, ప్రోటీన్లూ అంతే, పట్టుకునేదానికి తగ్గట్టు కాస్త సర్దుకుంటాయి" అన్నారు. ఆ వారం పాఠంలో 'మన తాళాల మేస్త్రి అన్నట్టు' అని పిల్లలకు చెప్పారట కూడా. సారు అలాంటివారు. అక్కకు జ్వరమొచ్చి నాలుగు రోజులు రాకపోతే, స్వయంగా థర్మామీటరు చూసి పుస్తకంలో తన చేత్తో అంకెలు రాసిపెట్టిన మనిషి.

మూడేళ్ళ క్రితం ఆ పరిశోధక అమ్మాయి వచ్చింది. సన్నగా, గాలేస్తే పడిపోయేట్టు ఉండేది. మొదటిరోజు చల్లగదిలో పళ్ళు టకటకలాడిస్తూ నిలబడితే అక్క మనసు కరిగిపోయింది. పదిరోజుల్లో ఆవపువ్వు రంగు ఉన్నితో స్వెటరు అల్లి, గది బయట మేకుకు తగిలించింది. "ఇది నీది చెల్లీ. ఇంకెవరూ ముట్టుకోరు." ఆ రోజునుంచి ఆ అమ్మాయి ఆవిడకు చెల్లి.

చెల్లికి మొదటి పాఠం చెప్పింది కూడా అక్కే. "చక్కెర కలిపినట్టు గిలకొట్టకు. నురుగొచ్చిందంటే బుడగ బుడగకూ ప్రోటీను మడత విడిపోతుంది. తెల్లసొన గిలకొడితే తెల్లగా గట్టిపడదూ, అలా. మెల్లగా బోర్లించు, మెల్లగా నిలబెట్టు. పసిబిడ్డను ఈ భుజంమీదనుంచి ఆ భుజంమీదకు మార్చినట్టు."

ఆ అమ్మాయి పరిశోధన తోడు ప్రోటీన్ల మీద. అవేమిటో ఒకరోజు టీ తాగుతూ అక్కకు చెప్పింది. "కణంలోపల సంతలో ఉన్నంత గుంపక్కా. కొత్తగా పుట్టిన దండ ఇంకా మడత పడకముందే పక్కదానికి అంటుకుని ముద్దైపోవచ్చు. అప్పుడు ఈ తోడువి వచ్చి దాన్ని పట్టుకుంటాయి, గుంపులోంచి చాటుకు తీసుకుంటాయి. మడత కుదిరాక వదిలేస్తాయి. తయారైనదాంట్లో వీటి ముక్క ఒక్కటీ ఉండదు. పేరూ ఉండదు." గ్లాసు కింద పెట్టి అక్క చెయ్యి పట్టుకుంది. "మా అందరికీ నువ్వు అదే అక్కా."

ఆ మాటను అక్క ఆ సాయంత్రం భర్తకు రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పబోతే, "విన్నానే, నా చెవులు బాగానే ఉన్నాయి" అన్నాడాయన, నవ్వుతూనే.

వేళగాని వేళ గదిలో పనుంటుందనీ, సారును తాళంచెవి అడగాలంటే భయమనీ చెల్లి అంటే, అక్క తన చెవిని భర్తకిచ్చి ఇంకోటి కోయించింది. సారుకు చెప్పలేదు. తప్పని తెలుసు. చెల్లే కదా అనుకుంది.

చెల్లి నాలుగు నెలలు కష్టపడితే, వడగట్టీ శుభ్రం చేసీ, చివరికి బొటనవేలంత గొట్టంలో ఆ ప్రోటీను మిగిలింది. దాన్ని దూరాన ఇంకో ఊళ్ళో ఉన్న పెద్ద యంత్రానికి పంపితే దాని రూపమేమిటో తేలుతుంది. పంపాల్సిన ముందురోజు సాయంత్రం ఐదింటికి అక్క గదికి తాళం వేసి, అలవాటు కొద్దీ రెండుసార్లు లాగి చూసి, ఇంటికెళ్ళింది.

మర్నాడు తొమ్మిదింటికి వచ్చేసరికి తలుపు బిగించే ఉంది. థర్మామీటరు నాలుగు చూపిస్తోంది. చెల్లి మాత్రం గొట్టం పట్టుకుని గోడకానుకుని ఏడుస్తోంది. నీళ్ళలా ఉండాల్సిన ప్రోటీను పాలవిరుగుడులా తెల్లటి పోగులు తేలి ఉంది. అక్క ఆ పిల్ల తల తన భుజానికి ఆనించుకుని తనూ ఏడ్చింది. "పోనీలే చెల్లీ, మళ్ళీ చేద్దాం. ఇద్దరం చేద్దాం."

మధ్యాహ్నం సారు పిలిచారు. బల్లమీద ఒక కాగితం. చెల్లి కిటికీ పక్కన నిలబడి ఉంది.

"అమ్మా, నిన్న సాయంత్రం తలుపు సరిగా పడలేదట. ఈ అమ్మాయి పొద్దున్నే వస్తే ఓరగా తెరిచి ఉందట. తనే మూసిందట. రాత్రంతా వెచ్చదనం తగిలి ప్రోటీను పాడైంది. పైవాళ్ళకు కారణం రాయాలి. తలుపు సరిగా వేయలేదని నువ్వు సంతకం పెడితే చిన్న మందలింపుతో పోతుంది. తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది."

అక్కకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెల్లి వైపు చూసింది. చెల్లి నేలవైపు చూసింది.

"వేశాను సార్. లాగి కూడా చూశాను."

"వేశాననే అనుకుంటాం అందరం. రేపటిదాకా ఆలోచించుకో."

అక్క చల్లగదికి వచ్చింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి కళ్ళు మూసుకోకుండానే తలుపు తీసింది. అదే వరసలో ఉన్న మిగతావాళ్ళ గొట్టాలు తేటగా ఉన్నాయి. చెల్లిది కూడా తిరిగి వరసలోనే పెట్టి ఉంటే, అక్క దాన్ని తీసి వెలుతురుకు పట్టుకుంది. మూతకింద, గొట్టం అంచు చుట్టూ, తెల్లటి నురుగు ఎండి పొరకట్టి ఉంది. వేడి తగిలితే ప్రోటీను ముద్దకడుతుంది గానీ ఎగిరి మూతకు అంటుకోదు. దీన్ని ఎవరో కుదిపే యంత్రం మీద పెట్టి గిలకొట్టారు.

గది బయట మేకు ఖాళీగా ఉంది. స్వెటరు వేసుకుని వరండా చివర నిలబడి ఉన్న చెల్లి దగ్గరికి అక్క ఆ గొట్టంతో వెళ్ళింది.

"నిన్న నేను వెళ్ళాక వచ్చావా?"

చెల్లి గొట్టాన్ని చూసింది. బుకాయించలేదు. "అడుగున కాస్త గడ్డకట్టినట్టుంది, ఎంత బోర్లించినా కరగలేదక్కా. పొద్దున్నకల్లా పంపాలి. యంత్రం మీద ఒక్క నిమిషమే పెట్టాను. ఒక్కటే నిమిషం."

"మరి నా తలుపు మాట ఎందుకన్నావు?"

"నీకు పోయేదేముందక్కా? ఒక మందలింపు. నా మూడేళ్ళ చదువు పోతుంది." తరవాత గొంతు తగ్గించి అంది: "తాళంచెవి సంగతి బయటికొస్తే నీకూ మంచిది కాదు."

తిట్టినా అక్క ఓర్చుకునేది. ఆ చివరిమాట మాత్రం చల్లగా, నెమ్మదిగా లోపలికి దిగింది. ప్రేమతో కోయించి ఇచ్చిన తాళంచెవితోనే తనను కట్టేస్తోంది ఈ పిల్ల.

ఇంట్లో ఆ సాయంత్రం భర్త కంచం ముందు కూర్చుని, "పెట్టేయకూడదూ ఆ సంతకం? పని నిలుస్తుంది" అన్నాడు. అని, ఆవిడ ముఖం చూసి, "వద్దులే. అంతకాలం లాగి చూసిన తలుపు. వేయలేదని నీ చేత్తో ఎలా రాస్తావు" అని తనే మాట తిప్పుకున్నాడు. ఆవిడ కంచంలో చల్లారిపోయిన అన్నం తీసేసి వేడిది వడ్డించాడు. ఆ మాత్రం దయ ఒకచోటైనా మిగిలి ఉన్నందుకు ఆవిడ మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు సారు బల్లమీద గొట్టం పెట్టింది. "ముందు నా తప్పు చెప్పుకుంటాను సార్. ఆ అమ్మాయికి మారు తాళంచెవి నేనే ఇచ్చాను, మీకు చెప్పకుండా. దానికి ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను. కానీ తలుపు వేశాను. మూతకింద చూడండి."

సారు గొట్టం కిటికీ వెలుతురుకు పట్టుకున్నారు. చాలాసేపు చూశారు. ఆయనకు తెలిసిపోయింది. తెలిసిందని ఆవిడకూ తెలిసిపోయింది. ఎందుకంటే నురుగు సంగతి ఆవిడకు నేర్పింది ఆయనే.

"అమ్మా," అన్నారు, గొట్టాన్ని బల్ల సొరుగులో పెట్టి మూసేస్తూ. "ఇప్పుడు ఇది తవ్వితే ఆ పిల్ల చదువు ఆగిపోతుంది. మన ల్యాబు పేరూ పోతుంది. నువ్వు పెద్దదానివి, అర్థం చేసుకో. సంతకం పెట్టు. నా మనసులో నువ్వేమిటో నాకు తెలుసు."

"మీ మనసులో కాదు సార్, కాగితం మీద ఏముంటుంది?"

జ్వరమొచ్చినప్పుడు తన బదులు అంకెలు రాసిపెట్టిన ఆ చేయి, కలాన్ని ఆవిడ వైపు జరిపింది.

అక్క కలం ముట్టుకోలేదు. మెడలోంచి తాడు తీసి, తాళంచెవిని కాగితం మీద పెట్టి, "ఇదీ, ఆ పిల్ల దగ్గరున్నదీ, రెండూ మీ దగ్గరే ఉంచుకోండి సార్" అని బయటికొచ్చింది.

సోమవారంనుంచి ఆవిడను కింద గాజుసామాను కడిగే గదిలో వేశారు. కాగితం సంతకం లేకుండానే పైకి వెళ్ళిందని గుమాస్తా చెప్పాడు. కాపలా మనిషి ఒక ఎత్తుపీట తెచ్చి తొట్టిముందు వేసి, "నిలబడి కడిగితే నడుం పోతుందక్కా" అన్నాడు. ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఆయన చేసిన మేలు.

రెండు నెలల తరవాత ఆ అమ్మాయి వాడిన గొట్టాల బుట్ట తీసుకుని స్వయంగా వచ్చింది. స్వెటరు వేసుకునే ఉంది.

"అక్కా, మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి బాగానే వస్తోంది." బుట్ట ఇంకా దించలేదు. "ఇంకా కోపమేనా?"

"అక్కడ పెట్టండమ్మా" అంది అక్క, తడి చేతులతో బల్ల చూపిస్తూ. "మెల్లగా బోర్లించండి. మెల్లగా నిలబెట్టండి."

ఆ అమ్మాయి స్వెటరు విప్పబోయింది. "ఉంచుకోండి. పైన చలి" అని అక్క పంపు తిప్పింది. నీళ్ళ చప్పుడులో ఆ అమ్మాయి ఇంకేమన్నదో వినపడలేదు.

ఆమె వెళ్ళాక అక్క బుట్టలోంచి ఒక్కో గొట్టం తీసి, కడిగేముందు మూత విప్పి, వెలుతురుకు పట్టి చూసింది. నురుగు లేదు. రెండోది చూసింది. మూడోది చూసింది. ఇన్నేళ్ళలో ఎవరి గొట్టాన్నీ ఆవిడ అలా అనుమానంగా చూసి ఎరగదు. చేయి ఆపుకోవాలనుకుంది. ఆగలేదు.

పని మొదలుపెట్టేముందు అందరినీ ఒక్కొక్కరుగా తలుచుకుని ప్రార్థించడం ఆవిడ అలవాటు. మర్నాడు పొద్దున తొట్టిముందు పీటమీద కూర్చుని కళ్ళు మూసుకుంది. ఇంట్లో ఆయన కళ్ళు బాగుండాలి. కాపలా తమ్ముడి పిల్లలు బాగుండాలి. సారు బాగుండాలి. అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ తరవాతి మాట మూడేళ్ళుగా నోటికి అలవాటైన మాటే, కానీ రాలేదు.

చాలాసేపటికి, "ఆ అమ్మాయికి చలి తగలకుండా చూడు తండ్రీ" అనుకుని, మొదటి గొట్టం మూత విప్పింది.