మిర్కాబ్‌లో ముఖాలఫా

ఈ రోజు మధ్యాహ్నం మిర్కాబ్‌లో టీ కోసమని బండిని ఫుట్‌పాత్ పక్కన తప్పు చోట ఆపాను. ట్రాఫిక్ పోలీసు వచ్చి ముఖాలఫా రాసి, ఆ చలానా కాగితం నా చేతిలో పెట్టి పోయాడు. నాకు నవ్వొచ్చింది. పక్క సీట్లో ఉన్న మస్తాన్ అన్నకు మాత్రం మండింది. ఇద్దరం రాయచోటి నుంచి ఈ అరబ్బు దేశానికొచ్చి, ఎన్నో ఏళ్లుగా ఇక్కడ డ్రైవర్లమే.

"ఫైన్ ఏస్తే నవ్వుతాండావేందిరా?"

"ఇరాక్ సైన్యం ఈ దేశమ్మీద పడిన ఏడు గుర్తుందా అన్నా? ఇదే రోడ్డు."

ఆ ఏడు ఆగస్టులో ఇక్కడ కార్లు లేవు, పోలీసులు లేరు. ఖాళీ రోడ్డు ఎండలో నీళ్లలా మెరుస్తుంటే, సిగ్నల్ లైట్లు మాత్రం ఎవరి కోసమో రంగులు మారుతుండేవి. అప్పుడొకరోజు అన్నతో ఈ దారినే వెళ్తూ, ఎర్ర లైటు చూసి అలవాటుగా బ్రేకు తొక్కాను.

"ఎవురు సూస్తాండారని నిలబెట్టినావు? పోనీరా!" అన్నాడు అన్న, భయంతో.

పచ్చ లైటు పడేదాకా కదల్లేదు. ఎక్కడినుంచైనా ఒక ట్రాఫిక్ పోలీసు వచ్చి, నన్ను నాలుగు తిట్టి ఏదో ఒకటి రాసిస్తే బాగుండునని అద్దంలో వెనక్కి చూస్తూ కూర్చున్నాను.

చలానాకు సంతోషించిన పిచ్చివాళ్లు మీలో ఇంకెవరైనా ఉంటే చెప్పండి. నా పోలీసు ఇవాళ వచ్చాడు.