పెరట్లో కొండపూల మడి

మొన్న పొద్దున మిద్దె మీద తులసి కుండీకి నీళ్లు పోస్తూ, పక్కన తనంతట తాను మొలిచిన రెండాకుల మొక్కను చూశానో లేదో, నా చెయ్యి చటుక్కున వెళ్లి దాన్ని వేళ్లతో సహా లాగేసింది. పచ్చిమన్ను గోళ్లలో ఇరుక్కోగానే ఉలిక్కిపడి, మొక్కను అరచేతిలో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. అరవై దాటిన మనిషి ఇంత మొక్కకు హడలిపోవడమేమిటని మా కోడలు నవ్వింది. చెనక్కాయ చేలల్లో నడుం వంచి కలుపు తీసిన నా ఈడు ఆడవాళ్లకైతే చెబితే అర్థమవుతుంది.

నేను కాపురానికి వెళ్లింది కదిరి దగ్గర తనకల్లు వైపు ఒక పల్లెకు. ఆ ఊరి కొండ మీద అమ్మవారికి శ్రావణంలో జాతర జరిగేది. తొలి పూలగంప మా ఇంటిదే, అందులో ఆ కొండ గడ్డిలో పూసే చిన్న ఊదారంగు పూలు తప్పకుండా ఉండాలి. వాటికి వేరే పేరేమీ లేదు, అందరూ కొండపూలనే అనేవారు. తొంభైల చివర్లో వానలు వరసగా ఎగ్గొట్టాయి, గడ్డే మొలవని కొండ మీద పూలెక్కడివి? ఒక ఏడు కదిరిలో కొన్న చామంతులతోనే మా అత్త గంప మోసింది. ఇక చూడండి, ఊళ్లో ఎండిన ప్రతి బోరుకూ మా గంపే కారణమైంది. "మీ ఇంటోళ్లు ఆనవాయితీ తప్పినారు, ఊరు ఎండిపోతాండాది" అని టీ అంగడి దగ్గర ఒకాయన మొహం మీదే అనేసరికి అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. ఇంకొక్కసారి తప్పితే గంపను వేరే ఇంటికి ఇస్తారన్న మాట కూడా పుట్టింది, ఆమెకది చావుతో సమానం.

పాత గంపలోని ఎండుపూలను పారెయ్యకుండా మూటకట్టి దూలానికి వేలాడదీయడం మా ఇంటి అలవాటు. మరుసటి ఏడు బూజు దులుపుతుంటే ఆ మూటలోంచి ఆవాల కన్నా సన్నని గింజలు నా కొంగులో రాలాయి. కొండపూలను అంతవరకూ ఎవరూ విత్తిన పాపాన పోలేదు. మొలుస్తాయో లేదో, ఆశపెట్టి మొలవకపోతే అత్త ఇంకా కుంగిపోతుందని భయపడి, ఎవరికీ చెప్పకుండా గొడ్లపాక వెనక చిన్న మడి కట్టి, ఇసుకలో కలిపి చల్లాను. ట్యాంకరు వస్తేనే బిందెడు నీళ్లు దొరికే రోజులవి. బర్రె కుడితికి పోవలసిన బియ్యం కడుగునీళ్లను దొంగచాటుగా మడికి చిలకరిస్తూ, ఎవరు చూస్తారో, ఏ కోడి గీరుతుందో, చీమలు మోసుకుపోతాయో అని బిక్కుబిక్కుమంటూ తిరిగేదాన్ని. చివరికి మొలకలు వచ్చాయి! ఆ సంతోషాన్ని కూడా భయంగానే అనుభవించాను.

ఒక మధ్యాహ్నం ట్యాంకరు దగ్గర్నుంచి వచ్చేసరికి మడి నున్నగా ఉంది. అత్త ఒడి నిండా మొలకలు, మొహం నిండా పని ముగించిన తృప్తి. "ఈడ ఇంత కలుపు పెరిగితే చూసుకోవా అమ్మీ?" అంది. నేను బిందె దించకుండానే ఏడ్చేశాను. సంగతి చెప్పాక తన ఒడిలోకి చూసుకుంటూ, "చెయ్యి ఆగలే తల్లీ, పుట్టినకాడ్నుంచీ పీకిన చెయ్యి" అని మాత్రం అంది. ఆ చేతిని ఏమని తిట్టను?

పాక గోడ మొదట్లో రాయి సందున, ఆమె వేళ్లు దూరని చోట, ఒక్క మొక్క మిగిలింది. జాతర దాకా ఇద్దరం వంతులేసుకుని దానికి కాపలా కాశాం. పూసినవి గుప్పెడు కూడా కావు. వాటినే చామంతుల పైన పెట్టుకుని, మోకాళ్ల నొప్పులతో అత్త కొండెక్కింది. "ఇంతేనా?" అని ఎవరో అంటే, "ఈ కరువులో యాడ ఎంతుండాదో అమ్మకు తెలీదా అప్పా?" అని ఆగకుండా నడిచింది. గంప మా ఇంట్లోనే నిలిచింది. వాన మాత్రం ఆ ఏడు కూడా పడలేదు.

ఆ తరువాత బతికినన్నాళ్లూ అత్త చేలో గడ్డిపరక పీకాలన్నా నన్ను కేకేసి, "అమ్మీ, ఇది కలుపేనా?" అని అడిగేది. మొదట్లో నవ్వొచ్చేది, పోనుపోను విసుగొచ్చి, కలుపేలే అత్తా, పీకెయ్ అని కసురుకునేదాన్ని. ఇప్పుడు ఆ కొండ మీద గాలిమరలు తిరుగుతున్నాయి, వాటి కోసం వేసిన దారిలో గంపలు ఆటోల్లో కొండెక్కుతున్నాయి, పూలు బెంగళూరు నుంచి వస్తున్నాయి, కొండపూలేవని అడిగే మనిషే లేదు.

పీకిన మొక్కను మళ్లీ కుండీలోనే నాటాను. తల వాల్చేసింది. పొద్దున్నే మెట్లెక్కి దాన్ని చూసి వస్తున్నాను, ఇది కలుపేనా అని నేనెవరిని కేకేసి అడగను?